బిస్కెట్లు తిన్న కుక్క

మా అమ్మ చేతి ఉగ్గు తిని పెరిగినవాళ్ళు కోనసీమలో వెయ్యిమంది ఉంటారు. వాళ్ళలో ఇంజనీర్లున్నారు, నర్సులున్నారు, ఒక జడ్జీగారు కూడా ఉన్నారు.

వెయ్యి అన్నది కాస్త ఎక్కువే. మా పేటలో ఉన్నవి అరవై గడపలు. ఎంత లాగినా ఎనభై మంది పిల్లలకి మించరు. జడ్జీగారు కూడా జడ్జీ కాదు, కోర్టులో గుమాస్తా. కానీ ఉగ్గు మాట మాత్రం నిజం. అందులో నేను ఆవగింజంత కూడా కలపలేదు.

మామిడికుదురుకి కాస్త ఎడంగా, కాలవ గట్టు దిగువన ఉండేది మా పేట. తాతల నాడే ఏసుప్రభువుని నమ్ముకున్న కూలి కుటుంబాలు మావి. మా నాన్న నా చిన్నప్పుడే పోతే, అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి నన్ను చదివించింది. మా పేటలో ఏ బిడ్డకైనా ఆరో నెల పడిందంటే, ఆదివారం ప్రార్థన అయ్యాక తల్లులు తిన్నగా మా ఇంటికే తెచ్చేవారు. బిడ్డ నోట్లో మొట్టమొదటి ఉగ్గు మా అమ్మ వేలితో పడాలి. ఆవిడది మంచి చెయ్యి అని పేరు. ఆ చేత్తో మొదలుపెడితే బిడ్డకి అరుగుదల బాగుంటుందనీ, కడుపునొప్పులు రావనీ నమ్మకం. నమ్మకం మాటెలా ఉన్నా, ఆ చేసే పద్ధతి అలాంటిది. దంపుడు బియ్యం కడిగి నీడన ఆరబెట్టేది. బియ్యం విడిగా, పెసరపప్పు విడిగా వేపేది. చిటికెడు వాము వేసి తిరగలిలో విసిరి, పాత నేతచీర ముక్కలో జల్లించేది. ఆ పిండి నీళ్ళలో ఉడికించి, చివర్లో నాలుగు చుక్కల నెయ్యి. అంతే. ఎవరైనా కాస్త పంచదార వెయ్యమంటే ఒప్పుకునేది కాదు.

"తీపెప్పుడైనా తింటాడమ్మా. ముందు బియ్యం రుసి తెలియనీ," అనేది.

అదే చేత్తో మా కుక్కకీ వండేది. నల్లటి ఊరకుక్క. దానికి పేరు పెట్టలేదు, "ఓయ్" అంటే వచ్చేది. నూకలు, చేప తలకాయలు, ఒక గుమ్మడికాయ ముక్కో ఆనపకాయ తొక్కో వేసి, ఉప్పూ కారం లేకుండా చిన్న కుండలో ఉడికించేది. చల్లారాక ముళ్ళు ఏరి పెట్టేది. ఆ కుక్క ఒళ్ళు ఎంత నిగనిగలాడేదంటే, దాని వీపులో మొహం చూసుకుని నేను తల దువ్వుకునేవాణ్ణి.

దువ్వుకోలేదులెండి. కానీ నిగనిగలాడేది.

డెబ్భైల చివర నాకు దగ్గర్లోని హైస్కూల్లో మాష్టారి ఉద్యోగం వచ్చింది. ఇస్త్రీ చొక్కా, సైకిలు, చేతి గడియారం అమరేయి. అవి అమరగానే మా ఇంటి తిండి నాకు నచ్చడం మానేసింది. పొద్దున్నే తరవాణి అన్నం తిని వెళ్తే, ఆ పులిసిన గంజి వాసన నోట్లోంచి వస్తుందేమోనని స్టాఫ్ రూములో మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాణ్ణి. అక్కడున్న మాష్టార్లు చాలామంది తోటలూ దొడ్లూ ఉన్నవాళ్ళు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ అనకపోయినా అన్నట్టే వినేవాణ్ణి.

కొత్తగా వచ్చిన హెడ్మాష్టారుగారు కాకినాడ వైపువారు. ఆయనకి కుక్కలంటే ప్రాణం. ఇంట్లో బొచ్చుకుక్క ఒకటి ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీల దగ్గర దాని తిండి గురించి మొదలుపెట్టేరు.

"మాది బ్రెడ్డూ పాలూ తప్ప ముట్టదండీ. మీ వైపు కుక్కలు ఏం తింటాయండీ?" అన్నారు అందర్నీ చూసి.

"ఏముందండీ, పాలేరు గంజి పోస్తే తాగుతాయండీ," అన్నారు లెక్కల మాష్టారు. అందరూ నవ్వేరు.

ఆ నవ్వు నా కోసం కాదు. కానీ పాలేరు అన్న మాట తిన్నగా వచ్చి నా క్యారేజీలో పడ్డట్టనిపించింది. మా నాన్న పాలేరే మరి. వెంటనే నోరు జారింది.

"మా ఇంట్లో కుక్క బిస్కెట్లు తప్ప తినదండీ. అవి కూడా క్రీము బిస్కెట్లే."

"అలాగాండీ!" హెడ్మాష్టారి కళ్ళు పెద్దవయ్యేయి. "ఏ జాతండీ?"

"క్రాస్ అండీ."

"దేనికీ దేనికీ క్రాసండీ?"

"అదే తేలడం లేదండీ," అన్నాను.

"అయితే వచ్చే ఆదివారం కాక పై ఆదివారం వచ్చి చూస్తానండీ," అన్నారాయన సంబరంగా.

అలా నాకు పదకొండు రోజులు గడువు దొరికింది. ఆ సాయంత్రమే అమలాపురం వెళ్ళి, బేకరీలో క్రీము బిస్కెట్లూ, వనస్పతితో చేసిన కేకు ముక్కలూ కొన్నాను. దొడ్లో కూర్చుని ఒక బిస్కెట్టు కుక్క ముందు పెట్టాను. అది వాసన చూసి, నా మొహం చూసి, ముందుకాళ్ళతో మట్టి తవ్వి ఆ బిస్కెట్టుని పూడ్చిపెట్టేసింది.

నవ్వొచ్చే విషయమే. ఆ తరవాత చేసినది నవ్వే పని కాదు. ఆకలేస్తే అదే తింటుందనుకున్నాను. అమ్మ పొలానికి వెళ్ళేముందు కుక్క కోసం కుండలో ఉంచిన తిండిని తీసుకెళ్ళి కాలవలో పారబోశాను. మూడు రోజులు అలాగే చేశాను. ముళ్ళు ఏరిన చేప, మెత్తగా ఉడికిన నూకలు నీళ్ళలో విడిపోయి కొట్టుకుపోతుంటే గట్టు మీద నిలబడి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. మూడో రోజుకి కుక్క బిస్కెట్టు తింది. వారం తిరిగేసరికి ప్యాకెట్టు చప్పుడు వింటే చాలు, పరిగెత్తుకొచ్చేది. తీపికి అలవాటుపడ్డాక అమ్మ కుండ దగ్గరికి వెళ్ళడం మానేసింది.

"అదేంట్రా, మూతి కూడా ఎట్టట్లేదు," అంది అమ్మ కుండలోకి వంగి వాసన చూస్తూ. "సేప పాసిపోలేదే. పొద్దున్న తెచ్చిందే."

"ఎండలకి తినదమ్మా," అన్నాను. అప్పుడు కార్తీకమాసం. మర్నాటి నించి ఆవిడ చూసేలోపే కుండ కాలవలో ఖాళీ చేసి, మళ్ళీ తింటోందని చెప్పాను.

హెడ్మాష్టారుగారు చెప్పినట్టే వచ్చేరు. వీధి వైపు, వంటింట్లోంచి కనబడని చోట కుర్చీ వేశాను. కుక్క ఆయన చేతిలోంచి బిస్కెట్టు అందుకుని తింటే చిన్నపిల్లాడిలా మురిసిపోయేరు. "ఏవండీ మాష్టారూ, ఇది చూడ్డానికి అచ్చం దేశవాళీలా ఉందండీ," అన్నారు. "ఆయ్ అవునండీ, చూడ్డానికి మాత్రవేనండీ," అన్నాను. ఆయన ముందు ప్లేట్లో కేకు ముక్కలు పెట్టాను. ఆయన ఒకటి కొరికి, పక్కన పెట్టి, గాలి పీల్చేరు. లోపల అమ్మ పరిగె చేపలు చింతకాయ వేసి వండుతోంది.

"ఏం వాసనండీ అది! ఎవరింట్లోనండీ?"

"పక్కింటివాళ్ళదండీ."

మా పక్కిల్లు ఆ రోజు తాళం వేసి ఉంది. అమ్మ వంటింట్లో గరిటె చప్పుడు ఆపేసింది. ఆయన వెళ్ళేదాకా మళ్ళీ కదపలేదు.

అక్కడితో ఆపి ఉంటే ఏమయ్యేదో. కానీ హెడ్మాష్టారుగారు బళ్ళో అందరికీ చెప్పేరు. ఒక్కొక్కరే చూడ్డానికి రావడం మొదలుపెట్టేరు. అమ్మ పొలంలో ఉండే వేళ చూసి రమ్మనేవాణ్ణి. లెక్కల మాష్టారు కూడా వచ్చి వెళ్ళేరు. నాకు మహా గొప్పగా ఉండేది. రెండు నెలల పాటు ఆ కుక్క కడుపులోకి బిస్కెట్టూ, కేకూ, తీపి రొట్టే తప్ప ఇంకేదీ వెళ్ళకుండా చూశాను. వీపు మీద మచ్చ పడింది. వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా రాలేయి. రోజంతా చెవులు గోక్కునేది. తరవాత వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఒక పొద్దున్న "ఓయ్" అంటే తల మాత్రం ఎత్తి, మళ్ళీ దించేసింది.

అమ్మ కూలి మానేసి, దాన్ని గోనెసంచిలో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను సైకిల్ మీద వెనకాల వెళ్ళాను. డాక్టరుగారు నెమ్మదస్తులు. కుక్క పొట్ట నొక్కి, చెవులు చూసి అడిగేరు.

"రోజూ ఏం పెడతన్నారండీ దీనికి?"

అమ్మ నా వైపు చూసింది. చదువుకున్నవాణ్ణి, నేనైతే సరిగ్గా చెబుతానని. గుమ్మం దగ్గర మా బడి గుమాస్తా తన గేదె మందుల కోసం నిలబడి ఉన్నాడు. రెండు వారాల క్రితమే మా ఇంటికి వచ్చి బిస్కెట్ల కుక్కని చూసి వెళ్ళినవాడు. నిజం చెబితే, ఆ గొప్ప కుక్కని చంపుతున్నది నా గొప్పలేనని సాయంత్రానికి బడంతా తెలిసిపోతుంది.

గొంతు తగ్గించి అన్నాను. "చేప తలకాయలండీ. నూకల్లో."

"ఎన్నాళ్ళ నించండీ?"

"మొదట్నించీ అదేనండీ."

ఆయన నమ్మేరు. నమ్మక ఏం చేస్తారు, మాష్టార్ని కదా. కాగితం మీద మందులు రాసి, కింద తెలుగులో 'చేపలు పెట్టరాదు. గంజి అన్నం మాత్రమే' అని రాసిచ్చేరు. బయటికొచ్చాక అమ్మ అడిగింది.

"ఏం రాసేర్రా?"

చదివి వినిపించాను. స్పష్టంగా, క్లాసులో పాఠం చదివినట్టు.

ఆవిడ రిక్షాలో కుక్కని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి చేరింది. దిగేటప్పుడు, "ముల్లేదైనా ఉండిపోయుంటదా? నేను ఏరేనే," అంది. నన్ను కాదు అడిగింది. తన చేతిని చూసుకుంటూ అంది.

ఆ రోజు నించి బిస్కెట్టు ముక్క కూడా తేలేదు నేను. కుక్కకి అమ్మ గంజి అన్నం పెట్టింది. పది రోజులకి లేచి తిరిగింది. నెలకి వీపు మీద నల్లటి నూగు వచ్చింది. దాని ఒంటిమీద ఒక్కో వెంట్రుక మొలుస్తున్నకొద్దీ అమ్మ మొహం చిన్నబోయేది. చేపలు మానేస్తే బాగుపడింది కాబట్టి, చెడగొట్టింది తన చేపలేనని ఆవిడకి రుజువైపోయింది. అంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి? ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం, మూడో ఇంటి కోడలు ఆరు నెలల బిడ్డని ఎత్తుకుని ఉగ్గు కోసం వచ్చింది. నేను అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

"పిన్నీ, మావోడికి సెయ్యేసి ఎట్టు," అంది.

"వొద్దమ్మా," అంది అమ్మ. "నా సెయ్యి ఇప్పుడు మంచిది కాదు."

"అదేం మాట పిన్నీ! ఈడి నాన్నకీ నువ్వే కదా ఎట్టేవు."

"అప్పుడు మంచిదేమో. నోరులేని జీవం నా సేతి తిండి తిని సావుదాకా ఎల్లొచ్చింది. పసిగుడ్డు కూడా నోరులేనిదే కదమ్మా. ఏవైనా అయితే నేను తట్టుకోలేను."

ఆ పిల్ల ఏదో నవ్వు మాట అని చూసింది. అమ్మ చేతులు పమిట కింద పెట్టేసుకుంది. ఆ పిల్ల బిడ్డని భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నేను తలెత్తలేదు. చేతిలో ఉన్న పేపరులో తప్పు జవాబుకి పూర్తి మార్కులు వేసినట్టు తరవాత చూసుకున్నాను. ఆ తరవాత ఇంకో ఇద్దరు వచ్చేరు. వాళ్ళకీ అదే మాట. అక్కడితో రావడం మానేశారు. పేటలో డబ్బా పిండి కొనడం మొదలైంది.

ఆ మరుసటి ఏడు నాకు పెళ్ళయింది. ఎనభైలు వచ్చేసరికి మాకు పాప పుట్టింది. అమ్మ దాన్ని కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టేది, నీళ్ళు పోసేది, జోకొట్టేది. తిండి జోలికి మాత్రం వచ్చేది కాదు. ఆరో నెల వచ్చింది.

"ఏవండీ, అత్తయ్యగారు ఉగ్గు ముట్టనంటున్నారండీ," అంది నా భార్య. "నాకు చేతకాదు, మా అమ్మకీ రాదు. డబ్బా పిండి కలిపి పడితే మూడు రోజులనించీ విరేచనాలు. ఊరందరికీ పెట్టినావిడ సొంత మనవరాలికి పెట్టననడం ఏంటండీ? నేనేమైనా తప్పు మాట అన్నానా?"

నా భార్య అత్తగారి అలక అనుకుంటోంది.

ఆ మధ్యాహ్నం అమ్మ పెరట్లో చేట ముందేసుకుని బియ్యం చెరుగుతుంటే వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. నా గొప్పలన్నీ ఒక ఎత్తు, ఆ రోజు చెప్పినది ఒక ఎత్తు. స్టాఫ్ రూములో అన్న మాట దగ్గర్నించి, కాలవలో పారబోసిన కుండ దాకా, డాక్టరుగారికి చెప్పిన అబద్ధం దాకా, ఒక్కటీ తగ్గించకుండా, ఒక్కటీ పెంచకుండా చెప్పాను. చెప్తుంటే కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చేయి.

అమ్మ చెరగడం ఆపి, అంతా విని, నవ్వింది.

"నీకు సిన్నప్పట్నించీ ఇదే పని కదరా. ఒకసారి కాలవలో మొసలి నీ లాగు పట్టుకు లాగిందని పేటంతా పరిగెట్టించేవు."

"ఇది నిజమమ్మా."

"మొసలప్పుడూ ఏడ్సేవు."

"దాని చేత బిస్కెట్లు తినిపించింది నేనమ్మా! నీ తిండి దాని నోట్లోకే వెళ్ళలేదు!"

"ఊరకుక్క బిస్కెట్లు తింటదేంట్రా ఎక్కడైనా?" అంది. "నీ పెళ్ళాం సెప్పమందా? నా మనసు కట్టపడతందని కత కడతన్నావు. నీ పేణం మంచిది, అది నాకు తెల్సులే."

"ఒట్టమ్మా. ప్రభువు మీద—"

"ఒట్లెయ్యకు," అంది గట్టిగా. తరవాత చల్లబడి, "అంత సదూకున్న డాట్టరుగారు కాయితమ్మీద రాసిచ్చేరు. నువ్వే సదివేవు. ఇప్పుడు నీ మాట నమ్మనా, ఆ రాత నమ్మనా?"

ఆ రాత నా మాటే. అదే చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఆవిడ చేట ఎత్తి మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. బియ్యంలో రాయి ఒకటి కనబడితే తీసి పారేసింది. నిజం చెప్పినా ఎవరూ నమ్మని మనిషిగా నన్ను నేనే తయారుచేసుకున్నానని అక్కడ, ఆ ఊక దుమ్ములో కూర్చుని తెలుసుకున్నాను.

హెడ్మాష్టారుగార్ని తీసుకొచ్చి చెప్పించవచ్చు కదా అని మీకు తోస్తుంది. నాకూ తోచింది. అప్పటికి ఆయన బదిలీ అయి దూరం వెళ్ళిపోయేరు. అని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. ఆయన వెళ్ళింది రాజోలు. సైకిల్ మీద గంట కూడా పట్టదు. వెళ్ళలేదు.

సాయంత్రం అమ్మే పిలిచింది. "ఒరేయ్, నువ్వు వేపు."

"ఏంటమ్మా?"

"బియ్యం. ఉగ్గుకి. నీది సదూకున్న సెయ్యి, మంచిది. నేను ఇక్కణ్ణించి సెప్తాను."

గుమ్మంలో కూర్చుంది, పొయ్యికి నాలుగడుగుల దూరంలో. చేతులు పమిటలో చుట్టుకుంది. నేను మూకుడులో బియ్యం వేశాను. మొదటి వాయ మాడ్చేశాను. "మంట తగ్గించు. గరిటె ఆపకు," అంది. రెండో వాయ తీయబోతుంటే, "ఇంకా పచ్చి వాసనొత్తంది. ఉండు... ఉండు... ఇప్పుడు దింపు," అంది. కళ్ళు మూసుకుని ముక్కుతో చూసేది. తిరగలిలో పిండి మరీ బరకగా వస్తుంటే ఆవిడ చెయ్యి పమిటలోంచి బయటికొచ్చింది. తిరగలి పిడి దాకా వచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"గుప్పెడు కాదు, సగం గుప్పెడు వెయ్యి," అంది అంతే.

పాపకి నా వేలితో ఉగ్గు పెట్టాను. చప్పరించింది. మూడు రోజుల్లో విరేచనాలు కట్టుకున్నాయి. నా భార్య ఆ మాట నీళ్ళ దగ్గర పేట ఆడవాళ్ళకి చెప్పింది. ఇంకో నెలకి మూడో ఇంటి కోడలు రెండో బిడ్డని ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఈసారి అమ్మని చూళ్ళేదు, నన్ను చూసింది.

"మాష్టారండీ, మీ సెయ్యి మంచిదంటన్నారండీ అందరూ."

నేను అమ్మ వైపు తిరిగాను. ఆవిడ గుమ్మంలో తన చోట కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది. కొడుక్కి పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిందని విన్నప్పుడు కూడా అంత వెలుగు చూడలేదు నేను.

"ఎట్టరా," అంది. "ఏలు లోతుగా ఎట్టకు. నాలిక కొసనే."

పెట్టాను. బిడ్డ మింగింది. ఆ పిల్ల మురిసిపోతూ, "ఇంత బాగా ఉగ్గు కట్టడం ఎవరు నేర్పేరండీ మీకు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపలే అమ్మ అంది. "ఎవరూ నేర్పలేదమ్మా. వాడికే వొచ్చు."

ఆ పిల్ల నా వైపు చూసింది, నిజమేనా అన్నట్టు.

"ఆయ్," అన్నాను.